జరిమానా సొమ్ము ఎవరిది?

మా వీధిలో మురుగు కాలువ మీద కప్పిన సిమెంటు పలకలు ఆర్నెల్లకే విరిగాయి. వానాకాలంలో ఒక తెల్లవారుజామున వీధులు ఊడవడానికి బయల్దేరిన మా సంఘపు పెద్దమ్మ ఒకావిడ ఆ విరిగిన చోట కాలు పెట్టి కాలువలో పడింది. చీలమండ విరిగింది. రెండు నెలలు మంచం దిగలేదు. కాంట్రాక్టు కింద పనిచేసే మనిషి, పనికి పోకపోతే జీతం లేదు. కాస్త కూర్చోగలిగాక ఆమెను ఆటోలో ఎక్కించుకుని బస్తీవాళ్లం పదిమందిమి మున్సిపల్ కార్యాలయానికి వెళ్లాం. ఊరి పేరు రాయను. కర్ణాటకలో తెలుగువాళ్లు మూడు తరాలుగా ఊడుస్తూ, తోడుతూ, కడుతూ బతుకుతున్న ఊళ్లలో అదొకటి.

ఇంజినీరుగారు మర్యాదగానే మాట్లాడారు. ఫైలు తెప్పించి చూశారు. "కాంట్రాక్టరుకు ఫైన్ వేశాం, బిల్లులో కోసేశాం. ఇంకేం చెయ్యమంటారు?" అన్నారు కన్నడంలో. మేం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. నిజమే, ఇంకేం అడగాలి? శిక్ష పడింది కదా. లేవబోతుంటే పెద్దమ్మ కట్టు కట్టిన కాలు చాపుకుని, అదే కన్నడంలో అడిగింది.

"కాలు విరిగింది నాది సార్. ఫైను ఎవరికొచ్చింది?"

ఆయన దగ్గర జవాబు లేదు. ఆమె తరఫున మాట్లాడటానికి వెళ్లిన నా దగ్గర ప్రశ్న కూడా లేదు. వేదాంత కళాశాలలో పట్టా పుచ్చుకున్నవాణ్ణి, ఇరవై ఏళ్లుగా ధర్నాల్లో మైకు పట్టుకుంటున్నవాణ్ణి. కాంట్రాక్టరును శిక్షించమని ఎన్నిసార్లు నినాదాలు ఇచ్చానో లెక్క లేదు. శిక్ష పడిన తర్వాత ఆ డబ్బు ఎటు పోతుందని ఒక్కసారీ అడగలేదు. ఈ వ్యాసం ఆ పెద్దమ్మ అడిగిన ప్రశ్నే. నేను చేసిందల్లా దానికి లెక్కలూ చట్టాలూ జత చేయడమే.

డబ్బు పోయే నాలుగు దారులు

కాంట్రాక్టరు మీద పడే జరిమానా చాలావరకు నాలుగు దారుల్లో పోతుంది. నాలుగూ తెలుసుకుంటే తప్ప ఎక్కడ మాయమైందో పట్టుకోలేం.

మొదటిది బిల్లులో కోత. పది లక్షల పని, యాభై వేలు జరిమానా. కాంట్రాక్టరుకు తొమ్మిదిన్నర లక్షలు ఇస్తారు. ఆ యాభై వేలను విడిగా ఆదాయంగా రాయకపోతే, పుస్తకంలో ఆ పని ఖర్చు తొమ్మిదిన్నర లక్షలని ఉంటుంది, అంతే. జరిమానా అనే మాటే కనబడదు. తక్కువ ఖర్చుతో పని జరిగినట్టు ఉంటుంది. విరిగిన పలకలు పొదుపు కింద లెక్కకొస్తాయి.

రెండోది డిపాజిట్టు జప్తు. టెండరు వేసేటప్పుడు కట్టే ధరావతు, పని దక్కాక కట్టే సెక్యూరిటీ డిపాజిట్టు, ప్రతి బిల్లులో కొంత ఆపి ఉంచే సొమ్ము ఉంటాయి. పని చెడగొట్టినా, మధ్యలో వదిలేసినా వీటిని జప్తు చేసుకునే అధికారం ఒప్పందంలోనే ఉంటుంది. ఆ డబ్బు ఇతర ఆదాయం అనే పద్దులో చేరి సాధారణ నిధిలో కలిసిపోతుంది. కలిసిపోయాక అది ఏ వీధి తాలూకు డబ్బో ఎవరూ చెప్పలేరు.

మూడోది రోజువారీ కోతలు. చెత్త బండి రాలేదని, తొట్టి ఎత్తలేదని, ఊడ్చేవాళ్లు తక్కువ వచ్చారని నెలవారీ బిల్లులో తగ్గిస్తారు. దీని సంగతి తర్వాత చెబుతాను. అన్నిటికంటే చేదైన కథ అక్కడే ఉంది.

నాలుగోది మాఫీ. పని ఆలస్యమైతే రోజులు లెక్కగట్టి జరిమానా వేస్తారు. చాలా ఒప్పందాల్లో అది పని విలువలో పది శాతం దగ్గర ఆగిపోతుంది. తర్వాత కాంట్రాక్టరు ఒక అర్జీ పెడతాడు. వానలు పడ్డాయి, ఇసుక దొరకలేదు, కరెంటు స్తంభం అడ్డొచ్చింది అంటాడు. అనివార్య కారణాలని ఫైలులో ఒక నోటు పడుతుంది. గడువు పొడిగిస్తారు. గడువే పెరిగాక ఆలస్యం ఎక్కడిది? జరిమానా ఎత్తేస్తారు. జరిమానా వేసిన రోజున పేపర్లో వార్త వచ్చింది. ఎత్తేసిన రోజున రాలేదు.

అసలు కారణాలుండి గడువు పొడిగించిన సందర్భాలూ ఉంటాయి, కాదనను. కానీ ఏది న్యాయమైన పొడిగింపో, ఏది సర్దుబాటో తేల్చాల్సింది ఎవరు? ఆ గదిలో కూర్చున్న ఇద్దరేనా? గోతిలో పడిన మూడో మనిషికి మాట లేదా?

చట్టం దీన్ని శిక్ష అనడం లేదు

మనం జరిమానా అనగానే శిక్ష అనుకుంటాం. కాంట్రాక్టరు తప్పు చేశాడు, సర్కారు కర్ర తీసింది, కథ అయిపోయింది అనుకుంటాం. కానీ ఒప్పందం కింద వసూలు చేసే సొమ్ము గురించి 1872 నాటి భారత ఒప్పందాల చట్టం చెప్పేది వేరు. 74వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో ఎంత మొత్తం రాసుకున్నా, దానికి లోబడి సమంజసమైన నష్టపరిహారమే రాబట్టుకోవచ్చు. ఫతే చంద్ కేసులో 1963లో సుప్రీంకోర్టు దీన్ని వివరించింది. 2015లో కైలాష్‌నాథ్ అసోసియేట్స్, ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో ఇంకా స్పష్టం చేసింది. నష్టమే జరగకపోతే ధరావతు జప్తు చేసుకోవడానికి వీల్లేదని చెప్పింది. అవతలి పక్షం ప్రభుత్వ సంస్థ అయినా అంతే.

దీని అర్థం ఏమిటో నెమ్మదిగా ఆలోచించండి. మున్సిపాలిటీ ఒక కాంట్రాక్టరు దగ్గర జరిమానా వసూలు చేసిందంటే, నీవల్ల నష్టం జరిగిందని చెప్పి తీసుకుందన్నమాట. మరి ఆ నష్టం ఎవరికి జరిగింది? కమిషనరుగారి కాలు విరగలేదు. మేయరుగారి ఇంట్లోకి మురుగు నీళ్లు రాలేదు. దెబ్బ తిన్నది వీధి. మన నష్టాన్ని చూపించి డబ్బు తీసుకుని, తీసుకున్నాక మనల్ని మరిచిపోవడాన్ని ఏమంటారు? ఇదే పని ఒక మనిషి చేస్తే ఊళ్లో దానికి వేరే పేరుంది.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. జరిమానా సొమ్ము నష్టపోయినవాళ్ల సొమ్ము. కౌన్సిల్ దానికి యజమాని కాదు, గృహనిర్వాహకుడు మాత్రమే. గృహనిర్వాహకుడు లెక్క అప్పజెప్పాలి.

కూలివాడి జరిమానాకు ఉన్న గౌరవం

మన దేశంలో 2025 నవంబరు దాకా 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం ఒకటుండేది. తెల్లదొరల కాలంలో వచ్చింది. అందులో 8వ సెక్షన్ కార్మికుల మీద యజమాని వేసే జరిమానాల గురించి. ఆ నెల జీతంలో మూడు శాతానికి మించి జరిమానా వేయకూడదు. సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా వేయకూడదు. వేసిన ప్రతి జరిమానా, వసూలైన ప్రతి పైసా ఒక రిజిస్టరులో రాయాలి. అన్నిటికంటే ముఖ్యం, ఆ డబ్బును యజమాని జేబులో వేసుకోకూడదు. ఆ సంస్థలో పనిచేసేవాళ్ల మేలుకే, అదీ నిర్ణీత అధికారి ఒప్పుకున్న పనులకే ఖర్చు పెట్టాలి. 2019 వేతనాల కోడ్‌లో 19వ సెక్షన్ కూడా ఇదే మాట చెబుతోంది.

చూశారా? ఒక కూలివాడి దగ్గర పట్టుకున్న యాభై రూపాయలకు రిజిస్టరు ఉండాలి, దాని ఖర్చుకు పద్ధతి ఉండాలి, దాని లాభం తిరిగి కూలివాళ్లకే పోవాలని దాదాపు తొంభై ఏళ్ల క్రితమే చట్టం రాసుకున్నాం. కోట్ల పనులు చేసే కాంట్రాక్టరు దగ్గర ఒక ప్రజాసంస్థ పట్టుకున్న లక్షలకు మాత్రం ప్రజలు చూడగలిగే రిజిస్టరు గోడ మీద ఎక్కడా కనబడదు.

దారి లేక కాదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 198ఏ సెక్షన్ చూడండి. రోడ్డు నిర్మాణంలో, నిర్వహణలో ప్రమాణాలు పాటించక ఎవరి చావుకో, వైకల్యానికో కారణమైన కాంట్రాక్టరుకు, అధికారికి లక్ష రూపాయల దాకా జరిమానా. ఆ డబ్బు ఎటు పోవాలో కూడా ఆ సెక్షనే చెప్పింది. ప్రమాద బాధితుల చికిత్సకూ పరిహారానికీ ఉద్దేశించిన మోటారు వాహన ప్రమాద నిధికి పోవాలి. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2022లో చెత్త, మురుగునీటి నిర్వహణలో వైఫల్యానికి మహారాష్ట్ర మీద సుమారు 12,000 కోట్లు, కర్ణాటక మీద 2,900 కోట్లు పరిహారం లెక్కగట్టినప్పుడు, ఆ డబ్బును విడి ఖాతాలో ఉంచి, జరిగిన చెరుపును బాగుచేయడానికే వాడాలంది. తప్పు చేసింది సాక్షాత్తూ ప్రభుత్వం, అయినా సూత్రం అదే. చెరిపిన చోటికే డబ్బు తిరిగి రావాలి. రాష్ట్రానికి వర్తించిన సూత్రం మా వీధి కాలువకు ఎందుకు వర్తించదు?

ఊడ్చేవాళ్ల జీతంలోంచి

ఇప్పుడు ఆ మూడో దారి సంగతికి వస్తాను.

బెంగళూరు, చెన్నై లాంటి నగరాల్లో వీధులు ఊడ్చేవాళ్లలో తెలుగు మాట్లాడే దళిత కుటుంబాలు ఎన్నో ఉన్నాయని ఈ పత్రిక చదివేవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. అనంతపురం నుంచి, కడప నుంచి, చిత్తూరు నుంచి తాతల కాలంలో వచ్చినవాళ్లు. కోలారు బంగారు గనుల ఊళ్లో అలాంటి కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్‌గారే పాకీపని నిర్మూలనకు జీవితం ధారపోసి 2016లో మెగసెసే పురస్కారం అందుకున్నారు. మన సంఘాల్లో బల్లలు నింపేది ఈ కుటుంబాలే.

చెత్త పని కాంట్రాక్టుకు ఇచ్చిన చోట జరిగేది ఇది. ఫలానా వీధి ఊడవలేదని కార్యాలయం కాంట్రాక్టరు బిల్లులో కోస్తుంది. కాంట్రాక్టరు తన లాభంలోంచి భరిస్తాడా? మేస్త్రీని పిలుస్తాడు. మేస్త్రీ మస్టరు తీస్తాడు. ఆ నెల ఆరుగురికి రెండేసి రోజులు ఆబ్సెంటు పడుతుంది. రసీదు ఉండదు, రిజిస్టరు ఉండదు. "అయ్యగారూ, ఈ నెల కూడా తగ్గించి ఇచ్చారండీ" అని ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద నాతో చెప్పినవాళ్లు ఒకరిద్దరు కాదు. ఎందుకు తగ్గిందో వాళ్లకు తెలియదు. చీపుర్లు సరిపడా ఇవ్వకపోవడం, తోపుడు బండి చక్రం ఊడినా బాగు చేయించకపోవడం, పదిమంది చేసే పనికి ఆరుగుర్ని పెట్టడం కాంట్రాక్టరు తప్పులు. జరిమానా మాత్రం చీపురు పట్టినవాళ్లు కడతారు.

అంటే మున్సిపాలిటీ ఆదాయంలో చేరిన ఆ జరిమానా, మూలం వెతికితే, మా సంఘపు ఆడవాళ్ల కూలి డబ్బు. కాంట్రాక్టరుకు బుద్ధి చెప్పామని కార్యాలయం అనుకుంటుంది. కాంట్రాక్టరుకు రూపాయి పోలేదు. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే అసలు యజమానే కట్టి, దాన్ని కాంట్రాక్టరు నుంచి రాబట్టుకోవాలని 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టంలోనే ఉండేది. బిల్లులో కోతకు సంతకం పెట్టే అధికారి, ఆ కోత కార్మికుల మస్టరులోకి దిగలేదని ముందు చూసుకోవాలి. అది దయాదాక్షిణ్యం కాదు, ఆయన బాధ్యత.

ఇంకో మాట కూడా చెప్పాలి, మనవాళ్లకు కోపం వచ్చినా సరే. ఈ కాంట్రాక్టర్లలో, మేస్త్రీల్లో మన తెలుగువాళ్లూ ఉన్నారు. మన భాషలోనే పలకరించి, మన పండక్కి చీరలు పంచి, మన ఆడవాళ్ల మస్టరులోనే సున్నా వేసేవాళ్లు ఉన్నారు. పరాయి రాష్ట్రంలో మన మనిషి అని చూసీ చూడనట్టు పోతే, ఆ మన అనే మాటలో ఊడ్చే పెద్దమ్మ లేదన్నమాటే.

అడగడానికి కౌన్సిల్ ఏది?

74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. పట్టణ పాలక సంస్థకు అయిదేళ్ల కాలం, గడువు ముగిసేలోపు ఎన్నిక అని అందులో ఉంది. మూడు లక్షల జనాభా దాటిన చోట వార్డు కమిటీలు కూడా ఉండాలి. ఇప్పుడు మనం ఉండే ఊళ్లను చూడండి.

యానాంలో పురపాలక ఎన్నికలు 2006లో జరిగాయి. పుదుచ్చేరి ప్రాంతమంతటా 1968 తర్వాత అవే మొదటివి. 2011లో ఆ పాలకవర్గం గడువు తీరాక చాలా ఏళ్లపాటు ఎన్నికల ఊసే ముందుకు కదలలేదు. చెన్నై 2016 అక్టోబరు నుంచి 2022 ఫిబ్రవరి ఎన్నికల దాకా కౌన్సిల్ లేకుండానే నడిచింది. బెంగళూరులో 2020 సెప్టెంబరులో కౌన్సిల్ గడువు ముగిసింది. 2025 సెప్టెంబరులో నగరాన్ని ఐదు కార్పొరేషన్లుగా విడగొట్టిన నాటికి కూడా ఎన్నికైన కార్పొరేటర్ లేడు. ముంబయి, షోలాపూర్ 2022 మార్చి నుంచి దాదాపు నాలుగేళ్లు అధికారుల పాలనలో ఉన్నాయి.

ఆ ఏళ్లలో టెండరు పిలిచింది, పని చూసింది, జరిమానా వేసింది, ఎత్తేసింది, ఖర్చు పెట్టింది అధికార యంత్రాంగమే. ప్రతి మెట్టులోనూ అదే. ముంబయిలో ఆ కాలంలోనే, 2023లో, సిమెంటు రోడ్ల పనుల్లో దక్షిణ ముంబయి ప్యాకేజీ తీసుకున్న కాంట్రాక్టరు ఒప్పందం రద్దు చేసి 50 కోట్లకు పైగా జరిమానా ప్రకటించారు. వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. జరిమానా అంకె పేపర్ల మొదటి పేజీల్లోకి ఎక్కింది. ఆ అంకెను సభలో లేచి నిలదీయడానికి, వసూలెంత అని తారీఖు వేసి అడగడానికి ఒక్క కార్పొరేటరూ పదవిలో లేడు.

కౌన్సిల్ ఉన్నచోట అంతా బాగుందని కాదు. బరంపురంలో 2022 మార్చిలో ఎన్నికలు జరిగాయి, చెన్నైలో అదే ఏడు ఫిబ్రవరిలో జరిగాయి. అక్కడ కనీసం అడగడానికి ఒక గుమ్మం ఉంది. ఓటడగడానికి మన బస్తీకొచ్చిన కౌన్సిలరును, మా వార్డులో వేసిన జరిమానాల లెక్క సభలో అడుగుతావా అని మనం అడగాలి. అడగని కౌన్సిలరు ఉన్నా లేనట్టే.

వినిపించే అభ్యంతరాలు

సాధారణ నిధిలో కలిసినా ఊరికే ఖర్చవుతుంది కదా అంటారు. ఊరికి అంటే ఏ ఊరికి? పార్కుల వీధికా, మురుగు కాలువ వీధికా? సాధారణ నిధిని పంచుకునేటప్పుడు ఎవరి గొంతు పెద్దదో వాళ్ల వీధికే పోతుందని మనకు తెలుసు. మా పలకలు విరిగినందుకు వచ్చిన డబ్బు ఇంకో వార్డులో స్వాగత తోరణమైతే, మమ్మల్ని రెండుసార్లు దోచినట్టు.

జరిమానాకు విడి ఖాతా పెడితే ఆ ఖాతా నింపుకోవడానికి అన్యాయంగా జరిమానాలు వేస్తారని ఇంకొందరు అంటారు. ఈ భయంలో నిజముంది. అందుకే ప్రతి జరిమానాకూ కారణం, ఫొటో, కొలతల పుస్తకం పేజీ బయటపెట్టాలి. బహిరంగంగా వేసిన జరిమానాను కాంట్రాక్టరు కూడా బహిరంగంగా ప్రశ్నించుకోవచ్చు. చీకట్లో వేసిన జరిమానాయే బేరానికి పనికొస్తుంది.

విడి ఖాతా పెట్టినంత మాత్రాన న్యాయం జరుగుతుందా అన్నది మూడో ప్రశ్న. జరగదు. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ సెస్సు చూడండి. కార్మికుల పేరు మీదే వసూలు చేశారు, విడి నిధే పెట్టారు. 2018 మార్చిలో సుప్రీంకోర్టు తీర్పు నాటికి 37,400 కోట్లకు పైగా వసూలైతే, కార్మికులకు ఖర్చు పెట్టింది సుమారు 9,500 కోట్లు. ఆ నిధితో వాషింగ్ మెషీన్లు, లాప్‌టాప్‌లు కొన్న సంగతిని కోర్టే ఎత్తిచూపింది. అందుకే ఖాతా ఒక్కటే చాలదు, దాని మీద బాధితుల కన్ను ఉండాలంటున్నాను.

చివరి అభ్యంతరం మన లోపలి నుంచే వస్తుంది. కాపరికి కాంట్రాక్టుల గొడవ ఎందుకు, వాక్యం చెప్పుకోక, అంటారు. వాక్యమే చెబుతాను. మన తెలుగు బైబిలు జక్కయ్యను సుంకపు గుత్తదారుడు అంటుంది. గుత్తదారు అంటే నేటి మాటలో కాంట్రాక్టరే. ఆ గుత్తదారు మారుమనస్సు పొందిన రోజున అన్యాయంగా తీసుకున్నది దేవాలయపు కానుకపెట్టెలో వేస్తానని అనలేదు. ఎవరి దగ్గర తీసుకున్నాడో వాళ్లకే నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. సంఖ్యాకాండము 5వ అధ్యాయంలో ధర్మశాస్త్రమూ అంతే. అసలుకు అయిదో వంతు కలిపి నష్టపోయినవాడికే ఇవ్వాలి. కరవులో ఉన్న పరిశుద్ధుల కోసం పోగుచేసిన చందాను పౌలు తానొక్కడే మోసుకుపోలేదు. ఎవరూ తప్పుపట్టకుండా సంఘాలు ఏర్పరచినవాళ్లను వెంట తీసుకెళ్లాడు. డబ్బు లెక్క ఆత్మీయ విషయం కాదనేవాళ్లు కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక 8వ అధ్యాయం మళ్లీ చదవాలి. ఇది చెబుతున్నాను కాబట్టి, ముందు మన చర్చి కట్టడాల లెక్క మన గోడ మీద అంటించాలి. మా సంఘంలో నెల మొదటి ఆదివారం లెక్క చదువుతున్నాం. చదవని సంఘానికి మున్సిపాలిటీని అడిగే నోరు ఎక్కడిది?

మనం అడగాల్సినవి

ఒకటి. ప్రతి పట్టణంలో వార్డువారీగా జరిమానా రిజిస్టరు ఉండాలి. పని పేరు, కారణం, వేసినది, వసూలైనది, మాఫీ చేసినది, మాఫీకి కారణం అందులో ఉండాలి. దాన్ని వార్డు కార్యాలయం గోడ మీద, స్థానిక భాషలో, మూడు నెలలకోసారి అంటించాలి.

రెండు. బిల్లులో కోసినా సరే, జరిమానాను ఆదాయంగా విడిగా చూపించాలి. అది విడి ఖాతాకు చేరాలి.

మూడు. ఆ సొమ్ములో మొదటి హక్కు దెబ్బతిన్న మనిషిది, తర్వాత ఆ వీధిది. మిగిలితేనే ఇంకెక్కడికైనా పోవాలి.

నాలుగు. పారిశుధ్య కాంట్రాక్టుల్లో జరిమానా వేసిన నెల కార్మికుల జీతాల పట్టీ తనిఖీ చేయకుండా బిల్లు చెల్లించకూడదు.

ఐదు. మాఫీ ఏదైనా కౌన్సిల్ ముందుకు రావాలి. కౌన్సిల్ లేని చోట వార్డు ప్రజల బహిరంగ సమావేశం ముందుకు రావాలి.

ఇవన్నీ రేపే రావు. కానీ సమాచార హక్కు చట్టం మన చేతిలో ఉంది. పది రూపాయల ఫీజు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు అదీ లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి, ఇవ్వకపోతే మొదటి అప్పీలు. కర్ణాటకలో, మహారాష్ట్రలో ఒక అర్జీలో ఒకే విషయం, 150 మాటల్లో అడగాలి. ఒడిశాలో నిర్ణీత ఫారంలోనే ఇవ్వాలి. ఫలానా వార్డులో గత మూడేళ్లలో కాంట్రాక్టర్లపై వేసిన జరిమానాల జాబితా, వసూలు, జమ చేసిన పద్దు, మాఫీ ఉత్తర్వుల నకళ్లు, ఆ పద్దు నుంచి చేసిన ఖర్చు ఇవ్వండి అని రాయండి చాలు. ఒప్పందపు నకలు అడగవచ్చు. పనిని స్వయంగా తనిఖీ చేయవచ్చు. వాడిన సామగ్రి నమూనా కూడా అడిగి తీసుకునే హక్కు ఆ చట్టం రెండో సెక్షన్‌లో ఉంది. మన యౌవనస్థుల కూటాల్లో ఒక శనివారం ఈ పనికి ఇవ్వండి. కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీ చక్కగా రాసే పిల్లలు మనకున్నారు. బడికి పోని పెద్దల ప్రశ్నలు వాళ్ల చేతి రాతలో పడాలి.

మేం కూడా రాశాం. పెద్దమ్మ పేరు మీదే, ఆమె వేలిముద్రతో. మొదటి జవాబు ఇరవై ఎనిమిదో రోజున వచ్చింది. అడిగిన రూపంలో సమాచారం నిర్వహించబడటం లేదని ఉంది. నాకు కోపం వచ్చింది. చదివి వినిపిస్తే పెద్దమ్మ మాత్రం నవ్వింది. "రాసుకోలేదని రాసి ఇచ్చారు కదా అయ్యగారూ, అదైనా చేతికొచ్చింది" అంది.

అప్పీలు వేశాం. ఆ కాగితం దాచి ఉంచాం. ప్రతి ఊళ్లో, ప్రతి బస్తీలో అలాంటి కాగితం ఒకటి మన చేతికి రావాలి. వాటన్నిటినీ కలిపి బల్ల మీద పెట్టిన రోజున, లెక్క రాయడం లేదని చెప్పి ఎవరూ తప్పించుకోలేరు.